పదకొండో నంబరు బావి

దాన్ని బావి అనకూడదు నిజానికి.
నాలుగంగుళాల పైపు, తాళం వేసిన మూత,
మూత మీద తెల్ల పెయింటుతో పదకొండు.
గిలకా లేదు, చేదా లేదు,
దాహమని దాని దగ్గరికి ఎవరూ రారు.
నేనొస్తాను, గురువారం గురువారం,
బెజవాడ నుంచి మొదటి బస్సుకి,
టేపు చుట్టిన చక్రం భుజానేసుకుని.

టేపు చివర ఇత్తడి ముక్కు ఉంటుంది.
నీళ్లు తగిలితే ఆగి ఆగి కూస్తుంది,
నూనె తగిలితే ఆపకుండా ఏడుస్తుంది.
మొదటి ఏడాది ఇక్కడ
నలభై ఒక్క సెంటీమీటర్ల ఏడుపు విన్నాను.

ప్రహరీకి అటు డిపో ట్యాంకులు,
తలంటుకుని కూర్చున్నంత తెల్లగా.
ఇటు సలోమి గారి ఇల్లు, బోరింగు, సొరపాదు.
ముందు కనిపెట్టింది ఆవిడే.
బియ్యం కడుగుతుంటే బంకు వాసన వచ్చిందట.
దీపం బుడ్డి ఎక్కడ ఒలికిందోనని ఇల్లంతా వెతికిందట,
ఇంట్లో దీపం బుడ్డి లేక పన్నెండేళ్లయిందని
వెతికాక గుర్తొచ్చిందట.
ఆఫీసుకెళ్లి చెబితే
"అమ్మా, మా లెక్కలో తేడా లేదు" అన్నారు.

లెక్క సరిగ్గానే ఉంది.
చుక్క చుక్క కారింది
ఎండకి ఆవిరైన ఖాతాలో పోయింది.
భూమి ఖాతాలో జమయింది.

ఎక్కడో పైపు అతుకు దగ్గర తుప్పు,
గోరు పట్టేంత కంత.
పైన నల్లరేగడి, కింద ఇసుక,
కృష్ణ ఎప్పుడో వదిలేసి వెళ్లిన దారి.
ఆ పాత దారి పట్టుకుని
పెట్రోలు ఈవిడ గడప కిందికి నడిచొచ్చింది,
చెప్పులు విప్పకుండా.

తవ్వి పారేస్తే పోయేది కాదు, తోడాలి.
తోడిన నీళ్లని పొడుగాటి గొట్టంలో వానలా కురిపించి
కిందనుంచి గాలి ఊది వాసన విడదీయాలి.
కొబ్బరి చిప్పల బొగ్గులోంచి మళ్లీ వడకట్టాలి.
రోహిణీ కార్తెలో మట్టం దిగితే నూనె బయటపడుతుంది,
దొరికింది దొంగ అనుకుంటాం.
బ్యారేజీ గేట్లెత్తిన వారం నీళ్లు పైకొచ్చి
దాన్ని ఇసుక సందుల్లో దాచేస్తాయి.
సున్నా అని నేనే రాసి
ఆ సున్నాని నేనే నమ్మను.

ఐదో ఏట నస్రీన్ మేడమ్ వచ్చి
సన్నటి గొట్టాలు దింపి నేలకి గాలి పట్టించింది.
"కింద మన పనివాళ్లున్నారు, కంటికి ఆనరు.
ఊపిరిస్తే చాలు, భోజనం వాళ్ల ముందే ఉంది" అంది.
నాకు నవ్వొచ్చింది.
ఏడాది తిరిగేసరికి ఆ నవ్వు ఆగింది.
వేలెడు, గోరెడు, వెంట్రుకంత.

నాది కంపెనీ రిజిస్టరు.
సలోమి గారిది తలుపు వెనక గోడ.
కొన్న ప్రతి నీళ్ల డబ్బాకీ ఒక బొగ్గు గీత,
తొమ్మిదేళ్ల గీతలు.
పండక్కి ఇల్లంతా సున్నం కొట్టించి
ఆ ఒక్క గోడా వదిలేస్తుంది.

నిన్న ల్యాబు నుంచి కాగితం వచ్చింది.
గుర్తించదగిన పరిమాణంలో లేదు అని చదివాను.
"లేదా? గుర్తించలేకపోయారా?" అంది.
దానికి జవాబు చెప్పేంత జీతం కాదు నాది.

బోరింగు కొట్టింది.
రెండు బకెట్లు పారబోసింది.
మూడోది సొరపాదుకి.
నాలుగోది దోసిట్లో పట్టి
పసిపిల్ల మాడు వాసన చూసినట్టు
చాలాసేపు చూసింది.
"మీ మిషను చెప్పింది.
నా ముక్కు ఇంకా చెప్పట్లేదు బాబూ"
అని గ్లాసు తొలిచి, నింపి, నా చేతికిచ్చింది.

ఈ నీళ్ల లోతు నాకు తెలుసు,
ఏ కార్తెలో ఎంత ఎత్తో తెలుసు.
రుచి తెలియదు.
నా సంచిలో ఇంటినుంచి తెచ్చుకున్న సీసా ఉంది.
ఆవిడ దాని వంక
చూడనట్టే చూసింది.

గ్లాసు ఎత్తాను.
ప్రహరీ అవతల ఏదో ట్యాంకరు
వెనక్కి వస్తూ
ఆగి ఆగి కూస్తోంది.